గిటారు సంగీత సిద్ధాంతము

గిటారు సంగీత సిద్ధాంతము అనగా గిటారు వాయించేవారు తెలుసుకొనవలసిన స్వర, లయ, స్వరమేళన విషయాల సమాహారము. తీగల శ్రుతి, మెట్లపై స్వరస్థానాలు, స్వరాంతరాలు, స్కేళ్ళు, కార్డులు, తాళము, లిపి ఇందులోని ముఖ్య భాగాలు. గిటారు పాశ్చాత్య వాద్యము కావడము వలన ఈ విషయాలను సాధారణంగా ఆంగ్ల పరిభాషలోనే బోధిస్తారు. అయితే గిటారుపై ఒక స్థాయిలో ఉండే పన్నెండు మెట్లకు, కర్ణాటక సంగీతములోని పన్నెండు స్వరస్థానాలకు దగ్గరి సంబంధము కలదు. అందువలన సరళీ స్వరాలు నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ఈ సిద్ధాంతములో చాలా భాగము వేరే పేర్లతో ముందే పరిచయమై ఉంటుంది.

సిద్ధాంతము యొక్క అవసరము

గిటారు నేర్చుకునేవారిలో చాలామంది మొదట వేళ్ళు పెట్టవలసిన చోట్లను మాత్రమే కంఠస్థము చేస్తారు. ఈ పద్ధతిలో ఒకటి రెండు పాటలు త్వరగా వస్తాయి. కానీ పాడేవారు తమ గొంతుకు తగినట్లు శ్రుతిని మార్చమన్నప్పుడు, లేదా లిపి దొరకని పాటను విని వాయించవలసి వచ్చినప్పుడు వాదకుడు ఆగిపోతాడు. ఏ మెట్టుపై ఏ స్వరము ఉన్నదో, ఒక కార్డులో ఏయే స్వరాలు ఉన్నాయో తెలిసినవారికి ఈ ఇబ్బంది ఉండదు. గురువు దగ్గరలో లేని ఊళ్ళలో నేర్చుకునేవారికి ఈ జ్ఞానము మరింత అవసరము. తాము వాయించినది తప్పో ఒప్పో వారు స్వయంగా సరిచూసుకొనవలసి ఉంటుంది.

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు వంటి మండల కేంద్రాలలో నివసించే విద్యార్థులకు ఈ ప్రాంతములో సంప్రదాయ సంగీత శిక్షణకు ప్రధాన కేంద్రము తిరుపతి. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానము 1959లో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను నెలకొల్పింది. ఇక గ్రామాలలో భజనలకు, మహాభారత ఉత్సవాలలోని హరికథలకు, వీధినాటకాలకు హార్మోనియము వాడటము చిత్తూరు ప్రాంతములో పరిపాటి. హార్మోనియము మెట్లు కూడా పన్నెండు స్వరస్థానాల వరుసలోనే ఉంటాయి. కనుక హార్మోనియము తెలిసినవారు గిటారు మెట్లను సులభంగా గుర్తించగలరు.

గిటారు నిర్మాణము, తీగల శ్రుతి

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న గిటారుకు ఆరు తీగలు ఉంటాయి. అన్నింటికంటే సన్నని తీగ మొదటిది, అన్నింటికంటే లావైనది ఆరవది. ఆరు విడి తీగల గిటారు 18వ శతాబ్దము చివర, 19వ శతాబ్దము ఆరంభములో ఐరోపాలో స్థిరపడింది. నేటి శాస్త్రీయ గిటారు ఆకారానికి స్పెయిన్ దేశస్థుడైన ఆంటోనియో డి టోరెస్ (1817 - 1892) రూపమిచ్చాడు.

సాధారణ శ్రుతిలో ఆరవ తీగ నుండి మొదటి తీగ వరకు స్వరాలు, వాటి కంపనాలు (సెకనుకు) ఈ విధంగా ఉంటాయి:

ఆరవ తీగ - ఇ - 82.41
ఐదవ తీగ - ఎ - 110
నాలుగవ తీగ - డి - 146.83
మూడవ తీగ - జి - 196
రెండవ తీగ - బి - 246.94
మొదటి తీగ - ఇ - 329.63

పక్కపక్క తీగల మధ్య సాధారణంగా ఐదు మెట్ల దూరము ఉంటుంది. మూడవ, రెండవ తీగల మధ్య మాత్రము నాలుగు మెట్లే. అందుచేత ఆరవ తీగను ఐదవ మెట్టు వద్ద నొక్కి మీటితే, విడిగా మీటిన ఐదవ తీగ స్వరమే వినిపిస్తుంది. మిగిలిన తీగలను కూడా ఇలాగే సరిచూస్తారు. రెండవ తీగను సరిచూచునప్పుడు మాత్రము మూడవ తీగను నాలుగవ మెట్టు వద్ద నొక్కాలి. ఈ ఒక్క మినహాయింపు గుర్తులేకపోవడము కొత్తవారు చేసే పొరపాట్లలో తరచుగా కనిపించేది.

మెట్లు - స్వరస్థానాలు

ఒక మెట్టు నుండి పక్క మెట్టుకు గల దూరాన్ని అర్ధస్వరము (సెమిటోను) అంటారు. పన్నెండు మెట్లు దాటితే మొదటి స్వరమే పై స్థాయిలో వస్తుంది. విడి తీగను షడ్జమముగా తీసుకుంటే అదే తీగపై మెట్ల వరుస ఇది:

0 - షడ్జమము
1 - శుద్ధ రిషభము
2 - చతుశ్శ్రుతి రిషభము (శుద్ధ గాంధారము)
3 - సాధారణ గాంధారము (షట్శ్రుతి రిషభము)
4 - అంతర గాంధారము
5 - శుద్ధ మధ్యమము
6 - ప్రతి మధ్యమము
7 - పంచమము
8 - శుద్ధ ధైవతము
9 - చతుశ్శ్రుతి ధైవతము (శుద్ధ నిషాదము)
10 - కైశికి నిషాదము (షట్శ్రుతి ధైవతము)
11 - కాకలి నిషాదము
12 - తారస్థాయి షడ్జమము

స్థానాలు పన్నెండే అయినా, నాలుగు స్థానాలకు రెండేసి పేర్లు ఉన్నందున కర్ణాటక సంగీతములో స్వర నామాలు పదహారు. పాశ్చాత్య సంగీతములో కూడా ఒకే స్థానాన్ని సందర్భాన్ని బట్టి సి షార్ప్ అని గాని, డి ఫ్లాట్ అని గాని పిలుస్తారు.

రెండు పద్ధతుల మధ్య ఒక ముఖ్య భేదము కలదు. సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అనునవి స్థిరమైన కంపనాలకు పేర్లు. స, రి, గ, మ, ప, ద, ని అనునవి షడ్జమముతో గల సంబంధానికి పేర్లు. షడ్జమము ఎక్కడ పెట్టుకుంటే మిగిలిన స్వరాలు దానిననుసరించి జరుగుతాయి. మన సంగీతములో షడ్జమము యొక్క ఎత్తును అంకెలతో చెప్పడము వాడుక. ఒకటవ శ్రుతి అనగా సి, ఒకటిన్నర అనగా సి షార్ప్, రెండు అనగా డి, రెండున్నర అనగా డి షార్ప్, మూడు అనగా ఇ, నాలుగు అనగా ఎఫ్, నాలుగున్నర అనగా ఎఫ్ షార్ప్, ఐదు అనగా జి, ఐదున్నర అనగా జి షార్ప్, ఆరు అనగా ఎ.

సరస్వతీ వీణతో పోలిక

సరస్వతీ వీణకు 24 మెట్లు ఉంటాయి. అనగా ప్రతి తీగపై రెండు స్థాయిలు, ఒక్కొక్క స్థాయికి పన్నెండు మెట్లు. మెట్ల లెక్కలో వీణ, గిటారు ఒకే విధమైనవి. వీణపై వాయించే నాలుగు తీగలను షడ్జమ, పంచమాలకు శ్రుతి చేస్తారు. పక్కన ఉన్న మరి మూడు తీగలు తాళానికి, శ్రుతికి ఉపయోగపడతాయి. గిటారులో తీగల శ్రుతి కార్డులు పట్టుకొనుటకు అనువుగా అమర్చబడినది. వీణ మెట్లను మైనముపై అమరుస్తారు గనుక అవసరమైతే వాటిని సవరించవచ్చు. గిటారు మెట్లు కొయ్యలో బిగించినవి కాబట్టి ఇది సాధ్యము కాదు.

గిటారు మెట్లను సమాన విభజన పద్ధతిలో అమరుస్తారు. ఒక్కొక్క మెట్టు వద్ద కంపనాల సంఖ్య సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. నట్ నుండి మొదటి మెట్టుకు దూరము తీగ పొడవును 17.817తో భాగిస్తే వస్తుంది. 650 మిల్లీమీటర్ల తీగపై ఇది సుమారు 36.5 మిల్లీమీటర్లు. పన్నెండవ మెట్టు సరిగ్గా సగములో, 325 మిల్లీమీటర్ల వద్ద ఉంటుంది.

ఈ విభజన వలన కొన్ని స్వరాలు సహజ స్థానాల నుండి కొద్దిగా తొలగుతాయి. సహజ పంచమము తీగ పొడవులో మూడవ వంతు దూరములో, అనగా 216.7 మిల్లీమీటర్ల వద్ద పలుకుతుంది. ఏడవ మెట్టు 216.2 వద్ద ఉంటుంది. ఈ తేడా చెవికి తెలియదు. సహజమైన అంతర గాంధారము ఐదవ వంతు దూరములో, 130 మిల్లీమీటర్ల వద్ద పలుకుతుంది. నాలుగవ మెట్టు మాత్రము 134.1 వద్ద ఉంటుంది. అందుచేత తంబురాతో కలిపి వాయించినప్పుడు గిటారుపైని అంతర గాంధారము కొంచెము ఎక్కువ శ్రుతిలో ఉన్నట్లు వినిపిస్తుంది. ఇది వాదకుని లోపము కాదు, వాద్యపు కొలతలోనే ఉన్నది.

స్కేళ్ళు - మేళకర్తలు

ఒక వరుసలో ఎంచుకున్న స్వరాల సమూహాన్ని పాశ్చాత్య సంగీతములో స్కేలు అంటారు. వీటిలో మేజర్ స్కేలు మూలమైనది. ఒకే తీగపై 0, 2, 4, 5, 7, 9, 11, 12 మెట్లను వరుసగా మీటితే మేజర్ స్కేలు వస్తుంది. ఇవే 29వ మేళకర్త అయిన ధీర శంకరాభరణము యొక్క స్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు (1775 - 1835) పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యము కూర్చి రచించిన నోటు స్వరాలు ఈ రాగములోనివే. అందువలన అవి గిటారు విద్యార్థికి మంచి అభ్యాస పాఠాలు కాగలవు.

మేజర్ స్కేలు స్వరాలను మార్చకుండా షడ్జమాన్ని ఒక్కొక్క స్వరముపైకి జరిపితే కొత్త స్కేళ్ళు వస్తాయి. కర్ణాటక సంగీతములో దీనిని గ్రహభేదము అంటారు. పాశ్చాత్యులు వీటిని మోడ్‌లు అంటారు.

స నుండి - శంకరాభరణము (29) - అయోనియన్
రి నుండి - ఖరహరప్రియ (22) - డోరియన్
గ నుండి - హనుమతోడి (8) - ఫ్రిజియన్
మ నుండి - మేచకల్యాణి (65) - లిడియన్
ప నుండి - హరికాంభోజి (28) - మిక్సోలిడియన్
ద నుండి - నఠభైరవి (20) - ఏయోలియన్ లేదా సహజ మైనర్

ని నుండి మొదలుపెడితే పంచమము ఉండవలసిన చోట ప్రతి మధ్యమము వస్తుంది. పంచమము లేనందున దానికి మేళకర్తలలో స్థానము లేదు. పాశ్చాత్యులు దానిని లోక్రియన్ అంటారు.

ఇవి గాక 21వ మేళకర్త కీరవాణి హార్మోనిక్ మైనర్ స్కేలుకు సరిపోతుంది. ఐదు స్వరాల మోహన రాగము మేజర్ పెంటటోనిక్ స్కేలుకు, శుద్ధ ధన్యాసి మైనర్ పెంటటోనిక్ స్కేలుకు సరిపోతాయి. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ (15) మెట్లు 0, 1, 4, 5, 7, 8, 11, 12. ఇందులో ఒక మెట్టు, మూడు మెట్ల దూరాలు రెండూ ఉన్నందున వేళ్ళకు కూడా ఇది చక్కని వ్యాయామము.

అయితే స్కేలు, రాగము ఒకటి కావు. స్కేలు స్వరాల పట్టిక మాత్రమే. రాగానికి గమకాలు, జీవస్వరాలు, ప్రయోగాలు, న్యాస స్వరాలు ఉంటాయి. తోడి స్వరాలను ఫ్రిజియన్ వలె మెట్లపై నిలిపి వాయిస్తే తోడి రాగము వినిపించదు.

కార్డులు

మూడు లేక అంతకంటే ఎక్కువ స్వరాలను ఒకేసారి పలికించడాన్ని కార్డు (స్వరసంపుటి) అంటారు. ఏ స్వరముపై కార్డు కట్టబడునో దానిని మూల స్వరము అంటారు. మూల స్వరము నుండి మెట్ల లెక్కలో ముఖ్యమైన కార్డులు ఇవి:

మేజర్ - 0, 4, 7 (స, అంతర గాంధారము, ప)
మైనర్ - 0, 3, 7 (స, సాధారణ గాంధారము, ప)
డిమినిష్డ్ - 0, 3, 6
ఆగ్మెంటెడ్ - 0, 4, 8
సెవెంత్ - 0, 4, 7, 10

మేజర్, మైనర్ కార్డుల మధ్య భేదము ఒక్క గాంధారములోనే ఉన్నది. గిటారుపై ఇ మేజర్ కార్డు పట్టుకొని, మూడవ తీగపై మొదటి మెట్టు వద్ద ఉన్న వేలును తీసివేస్తే అది ఇ మైనర్ అవుతుంది. జి షార్ప్ స్థానములో జి పలుకుటయే ఇందుకు కారణము.

ఒక స్కేలులోని ప్రతి స్వరముపై, ఆ స్కేలు స్వరాలనే ఒకటి విడిచి ఒకటి తీసుకొని కార్డులు కట్టవచ్చు. సి మేజర్ స్కేలులో ఇవి వరుసగా సి, డి మైనర్, ఇ మైనర్, ఎఫ్, జి, ఎ మైనర్, బి డిమినిష్డ్. వీటిలో మొదటి, నాలుగవ, ఐదవ కార్డులు మేజర్. రెండవ, మూడవ, ఆరవ కార్డులు మైనర్. ఏ మేజర్ స్కేలులోనైనా ఈ వరుస మారదు. ఈ ఒక్క సూత్రము తెలిసినవారు ఒక పాటను ఏ శ్రుతిలోనైనా మార్చి వాయించగలరు.

ఇతర మేళకర్తలలో ఈ వరుస మారుతుంది. కల్యాణిలో మొదటి, రెండవ కార్డులు రెండూ మేజర్. ఖరహరప్రియలో మొదటిది మైనర్, నాలుగవది మేజర్. తోడిలో మొదటిది మైనర్, శుద్ధ రిషభముపై కట్టినది మేజర్. ఈ జంటలను వాయించి వింటే ఆయా స్కేళ్ళ స్వభావము చెవికి త్వరగా పట్టుబడుతుంది.

శ్రుతి మార్పు - కేపో

కేపో అనునది మెడపై ఒక మెట్టు వద్ద అన్ని తీగలను నొక్కిపట్టే బిగింపు. ఎన్నవ మెట్టు వద్ద బిగిస్తే అన్ని అర్ధస్వరాల శ్రుతి పెరుగుతుంది. వేళ్ళు మాత్రము పాత ఆకారాలలోనే ఉంచవచ్చు. ఉదాహరణకు పాడేవారి శ్రుతి ఒకటిన్నర అయితే మొదటి మెట్టు వద్ద కేపో పెట్టి సి ఆకారాలను వాయించాలి. రెండున్నర అయితే మూడవ మెట్టు వద్ద సి ఆకారాలు, నాలుగున్నర అయితే నాలుగవ మెట్టు వద్ద డి ఆకారాలు సరిపోతాయి.

లయ

పాశ్చాత్య సంగీతములో నాలుగు లెక్కల ఆవృత్తము ఎక్కువగా వాడతారు. ఆదితాళములోని ఎనిమిది అక్షరాలను ఇటువంటి రెండు ఆవృత్తాలుగా లెక్కించవచ్చు. మూడు లెక్కల ఆవృత్తానికి "తకిట", నాలుగుకు "తకధిమి", ఐదుకు "తక తకిట", ఏడుకు "తకిట తకధిమి" అనే జతులను నోటితో చెప్పుకుంటూ తీగలను మీటడము మంచి పద్ధతి. కుడిచేయి ఆగకుండా క్రిందికి, పైకి కదులుతూ ఉండాలి. తీగలను తాకని దెబ్బలో కూడా చేతి కదలిక ఆగరాదు.

లిపి

గిటారు సంగీతాన్ని మూడు విధాలుగా వ్రాస్తారు. స్టాఫ్ లిపిలో ఐదు గీతలపై స్వరము, కాలప్రమాణము రెండూ తెలుస్తాయి. గిటారు స్వరాలు ఈ లిపిలో వ్రాసినదానికంటే ఒక స్థాయి క్రింద పలుకుతాయి. టాబ్లేచర్‌లో ఆరు గీతలు ఆరు తీగలను, వాటిపైని అంకెలు మెట్లను సూచిస్తాయి. అన్నింటికంటే పై గీత మొదటి తీగ. ఇది సులభమే గాని సాధారణంగా కాలప్రమాణాన్ని పూర్తిగా తెలుపదు. కార్డు పటములో వేళ్ళు పెట్టవలసిన చుక్కలు ఉంటాయి. తెలుగు విద్యార్థి వీటితోపాటు స్వరలిపిని కూడా వాడవచ్చు. సుబ్బరామ దీక్షితులు 1904లో ప్రచురించిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తెలుగు లిపిలోనే వెలువడింది. గమకాలకు ప్రత్యేక సంకేతాలను వాడిన గ్రంథమది.

గమకాలు, కార్డుల మధ్య విరోధము

కార్డులతో కూడిన సంగీతానికి స్వరము ఒకచోట నిలిచి ఉండాలి. గమకముతో కూడిన సంగీతానికి స్వరము కదలాలి. ఈ కారణముచేత రాగాలకు కార్డులు కూర్చేటప్పుడు జాగ్రత్త అవసరము. మోహన రాగము స్వరాలు స, రి, గ, ప, ద మాత్రమే. సి షడ్జమమైతే ఎఫ్ కార్డులో మధ్యమము, జి కార్డులో నిషాదము ఉంటాయి. ఈ రెండూ మోహనకు అన్య స్వరాలు. రాగ స్వరాలతోనే పూర్తిగా కట్టగలిగిన మేజర్, మైనర్ కార్డులు సి మేజర్, ఎ మైనర్ రెండే. సినిమా పాటలలో ఇతర కార్డులను వాడటము సామాన్యమే. ఆ స్వేచ్ఛను తీసుకునేవారు ఏ స్వరము బయటినుండి వచ్చినదో తెలిసి తీసుకోవాలి. రాగాన్ని కాపాడవలసిన చోట షడ్జమ పంచమాలను మాత్రమే ఆధారముగా మీటడము మేలు.

మెట్లు స్థిరముగా ఉన్న వాద్యముపై గమకము సాధ్యమే అని చూపిన తెలుగువారు మాండలిన్ శ్రీనివాస్ (ఉప్పలపు శ్రీనివాస్). ఆయన 1969లో పాలకొల్లులో జన్మించారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడము రాదు. ఆయన పాడి వినిపించగా శ్రీనివాస్ దానిని వాద్యముపై పలికించేవారు. నాలుగు జంట తీగల మాండలిన్‌కు బదులు ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకొని, తీగను పక్కకు లాగి, మెట్లపై జార్చి గమకాలు సాధించారు. 1998లో పద్మశ్రీ పురస్కారము పొందారు. 2014లో చెన్నైలో మరణించారు. ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి "రిమెంబర్ శక్తి" బృందములో వాయించారు. స్వరము మొదట గొంతులో, చెవిలో స్థిరపడితే వాద్యము దానిని అనుసరిస్తుంది అనుటకు ఆయన విద్యాభ్యాసమే నిదర్శనము.

"సాగర సంగమం" (1983), "రుద్రవీణ" (1988) వంటి తెలుగు చిత్రాలకు సంగీతము కూర్చిన ఇళయరాజా కూడా మొదట గిటారు వాదకులే. మద్రాసులో ధనరాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీత సిద్ధాంతము అభ్యసించారు.

అభ్యాస క్రమము

గురువు లేకుండా నేర్చుకొనువారు ఈ క్రింది వరుసను పాటించవచ్చు.

1. ప్రతిరోజు వాయించుటకు ముందు తీగలను చెవితో శ్రుతి చేసి, తరువాత యంత్రముతో సరిచూడాలి.
2. ఒకే తీగపై మాయామాళవగౌళ, శంకరాభరణ స్వరాలను నోటితో పాడుతూ వాయించాలి.
3. అవే స్వరాలను రెండు, మూడు తీగలపైకి విస్తరించాలి.
4. ఐదవ మెట్టు వరకు ప్రతి తీగపైని స్వరాల పేర్లు చూడకుండా చెప్పగలగాలి.
5. సి, జి, డి స్కేళ్ళలో ఏడేసి కార్డులను వ్రాసుకొని, వాటిలోని స్వరాలను గుర్తించాలి.
6. తెలిసిన ఒక పాటను మూడు వేరు వేరు శ్రుతులలో వాయించాలి.
7. లిపి చూడకుండా ఒక చిన్న పాటను విని, మొదట షడ్జమాన్ని, తరువాత స్వరాలను, చివరకు కార్డులను కనుగొనాలి.

చివరి మెట్టు సాధించినవారు స్వతంత్రంగా వాయించగలిగినట్లే. పరీక్షలు వ్రాయదలచినవారికి లండన్ ట్రినిటీ కళాశాల భారతదేశములో గిటారు వాదనకు, సంగీత సిద్ధాంతానికి శ్రేణులవారీగా పరీక్షలు నిర్వహిస్తున్నది.

ఇవి కూడా చూడండి

గిటారు
సరస్వతీ వీణ
మేళకర్త రాగాలు
శంకరాభరణము (రాగము)
మాండలిన్ శ్రీనివాస్
శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, తిరుపతి